కుడిచేతి వేలిముద్ర

ఆ పోలీస్ స్టేషన్లో ఆడవాళ్ళ ఫిర్యాదులన్నీ కానిస్టేబులమ్మ నెత్తినే పడతాయి. కారణం పెద్దదేం కాదు, అక్కడున్న పదకొండుమందిలో ఆవిడొక్కతే ఆడమనిషి. పాత సామాన్ల గదికి గులాబీరంగు వేసి, రెండు కుర్చీలు పడేసి "ఇక ఇది నీ రాజ్యం" అన్నారు. రాజ్యమైతే ఇచ్చారు గానీ సంతకం, స్టాంపు ఆఫీసరుగారి సొరుగులోనే ఉండిపోయాయి. ఆ రెండూ లేనిదే కేసు కట్టడానికి లేదు. ఆవిడ చేయగలిగిందల్లా నచ్చజెప్పి సర్దుబాటు కాగితం రాయించడం.

పోయిన నెల, మొగుడు కొడుతున్నాడని వచ్చిన టైలరమ్మ చేత అలాంటి కాగితమే రాయించి ఇంటికి పంపుతూ, మనసు ఊరుకోక నోరు జారింది.

"మళ్ళీ చెయ్యెత్తాడంటే తిన్నగా నా దగ్గరికి రా. ఈసారి నిన్ను పంపను."

ఆ మాట పట్టుకునే ఈ మధ్యాహ్నం టైలరమ్మ వచ్చింది. కుడిచెయ్యి మణికట్టు నుంచి వేళ్ళదాకా వాచిపోయి ఉంది. కింద పడేసి తొక్కాడట.

"మీరు రమ్మన్నారుగా మేడమ్," అంది, చుట్టాలింటికి వచ్చినట్టు.

కానిస్టేబులమ్మ ఇలాంటివాళ్ళు తలదాచుకునే వసతిగృహానికి ఫోన్ చేసింది. మంచం ఖాళీగానే ఉంది, ఆఫీసరు సంతకంతో ఉత్తరం తెమ్మన్నారు. పరుగున ఆఫీసరు గదికి వెళ్తే, టైలరమ్మ మొగుడు అప్పటికే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"సార్, చెయ్యి విరిగినట్టుంది. కేసు కట్టి వసతిగృహానికి పంపిద్దాం."

"పాపం, ఏడుస్తున్నాడమ్మా. ఇంకోసారి చూద్దాం. నువ్వు మాట్లాడు, ఆడవాళ్ళ బాధ ఆడవాళ్ళకే తెలుస్తుంది."

"తెలుసు కాబట్టే అడుగుతున్నాను సార్."

"అందుకేగా నిన్నక్కడ పెట్టింది!" అని నవ్వాడు. గుమ్మం దగ్గరున్నవాళ్ళూ నవ్వారు. మొగుడు కూడా కళ్ళు తుడుచుకుని కాస్త నవ్వాడు.

పై ఆఫీసుకు ఫోన్ చేసింది. స్టేషన్ ద్వారానే రావాలన్నారు. ఈలోగా ఆఫీసరే గులాబీ గదిలోకి వచ్చాడు, వెనకాలే మొగుడు.

"ఇష్టపూర్వకంగా మొగుడి వెంట వెళ్తున్నానని రాయించు."

టైలరమ్మ ఆఫీసర్ని చూడలేదు, మొగుణ్ణీ చూడలేదు. కానిస్టేబులమ్మ ముఖంలోకే చూస్తూ కూర్చుంది. కానిస్టేబులమ్మ తల దించుకుని కాగితం రాసింది. సిగ్గుతో చచ్చిపోయింది.

వాచిన వేళ్ళకి పెన్ను నిలవలేదు. వేలిముద్ర వేయించమన్నాడు ఆఫీసరు. టైలరమ్మ ఎడమచెయ్యి చాపింది.

"అది కాదు. మగవాళ్ళదైతే ఎడమ. ఆడవాళ్ళది కుడే. రూలు."

"సార్, ఆ చెయ్యే కదా..."

"రూలమ్మా."

కానిస్టేబులమ్మ ఆ చేతిని రెండు చేతులా అందుకుని, బొటనవేలికి సిరా అద్ది, కాగితం మీద నొక్కింది. ముద్ర సరిగా పడలేదు. మళ్ళీ నొక్కింది. టైలరమ్మ పెదవి కొరుక్కుంది గానీ చెయ్యి లాక్కోలేదు. కానిస్టేబులమ్మ కళ్ళలో నీళ్ళు చూసి మెల్లగా అంది:

"ఏడవకండి మేడమ్. మీరు నెమ్మదిగానే పట్టుకున్నారు."