అల్లుడుగారి ఎడమ కాలు

అత్తకు పిల్లలు లేరు. అయినా అల్లుడు ఉన్నాడు. నాలుగు కాళ్లు, గోధుమరంగు ఒళ్లు, నుదుటి మీద అరచేతంత తెల్ల మచ్చ. పదకొండేళ్ల కిందట కొట్టానికి వచ్చిన మొదటి వారమే తొట్టెలో వేసిన గడ్డి నచ్చక, మూతి తిప్పుకుని గోడవైపు నిలబడ్డాడు. "అబ్బో, అల్లుడుగారు అలిగారు! ఎవరైనా వచ్చి కాళ్లు పట్టుకోండర్రా" అంది ఆవిడ. పక్క గుర్రాలవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అంతే, గుర్రానికి ఆ పేరు అతుక్కుపోయింది. గుర్రం అల్లుడైతే ఆవిడ ఏమవుతుంది? బండ్ల అడ్డాలో చిన్నా పెద్దా అందరికీ ఆ రోజు నుంచి అత్తే అయింది.

వాళ్లది ఊరు చూడడానికి వచ్చినవాళ్లను ఎక్కించుకుని తిప్పే గుర్రపుబండి. గడియారస్తంభం దగ్గర బయల్దేరి, నల్లరాళ్లు పరిచిన పాత వీధుల గుండా వంతెన దాకా వెళ్లి మళ్లీ అక్కడికే రావాలి. అలా రోజుకు ఎనిమిది తొమ్మిది తిరుగుళ్లు. మెత్తటి నేల మీద తిరగడానికి పుట్టిన కాళ్లు ఆ రాళ్ల మీద టకటకమంటూ నడవాలి. ఎక్కినవాళ్లకు ఆ చప్పుడంటే ఎంత ముద్దో! ఫోనులో పట్టుకుని ఇంటికి కూడా తీసుకెళతారు. ఆ దెబ్బ ఎవరి కాలికి తగులుతోందని అడిగిన మహానుభావుడు ఇంతవరకూ ఆ బండి ఎక్కలేదు.

చలికాలంలో అల్లుడు ముందు ఎడమ కాలు జాగ్రత్త చేసుకోవడం మొదలుపెట్టాడు. నిలబడ్డప్పుడు ఆ కాలు కాస్త ముందుకు చాపి, బరువంతా కుడికాలి మీద వేసేవాడు. మలుపు వస్తే ఆగి ఆలోచించేవాడు. పశువుల డాక్టరు వచ్చి, కాలు నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించి, ఉన్నమాట చెప్పింది. గిట్ట లోపలి చిన్న ఎముక అరిగిపోయింది. ఇక రోడ్డు పనికిరాదు. ఎక్కడైనా గడ్డి నేల మీద వదిలేస్తే పదేళ్లు హాయిగా బతుకుతాడు.

గడ్డి నేల! అత్తకు ఉన్నది కొట్టం పైన ఒక్క గది. కిటికీ తీస్తే అవతలి ఇంటి గోడ. పైగా ఏటా ఎండాకాలం ముందు నగరసంస్థ వాళ్లు గుర్రాలన్నిటినీ ఆవరణలో పరిగెత్తించి చూస్తారు. కుంటిన గుర్రం లైసెన్సు నంబరు కొట్టేస్తారు. నంబరు పోయిన గుర్రాల కోసం వెనక గేటు దగ్గరికి ఒక మూసిన లారీ వస్తుంది. అది ఎక్కడికి పోతుందో అడ్డాలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

అత్తకు నిద్ర పట్టలేదు, ముద్ద దిగలేదు. అప్పుడు తమ్ముడు వచ్చాడు. అతనిదీ బండే. తెలియని మనిషి లేడు, తెలియని దారి లేదు.

"అక్కా, నాకు తెలిసినాయన ఒకడున్నాడు. ఊరి బయట. మూడు వారాలు అల్లుడిని నాకు వదిలెయ్. నడిపించి తీసుకొస్తా."

"ఏం చేస్తాడురా?"

"అదీ..." అంటూ తమ్ముడు మొదలుపెట్టాడు.

అత్త రెండు చెవులూ మూసుకుంది. "వద్దు, నాకేం చెప్పొద్దు. సూదులూ కత్తులూ అంటే నా గుండె ఆగిపోతుంది. వాడికి నొప్పి పోవాలి. అంతే. నాకింకేం అక్కర్లేదు."

మూడు వారాలకు అల్లుడు తిరిగొచ్చాడు. కొత్త నాడాలు, దువ్విన జూలు, ఎడమ కాలికి గిట్ట పైన చిన్న కట్టు. కట్టు విప్పితే అటూ ఇటూ చెరో చిన్న గాటు, అప్పటికే మానింది. "ఇంజెక్షన్లు ఇచ్చారు" అన్నాడు తమ్ముడు. అత్త ఇంకేం అడగలేదు. ఎలా అడుగుతుంది? వాడు నాలుగు కాళ్లూ సమానంగా పెట్టి నిలబడ్డాడు! పరీక్ష రోజున ఆవరణలో మూడేళ్ల గుర్రపుపిల్లలా పరిగెత్తాడు. నంబరు నిలబడింది. అత్త అందరి ముందూ వాడి మూతి పట్టుకుని ముద్దులు పెట్టేసింది, ఆ తరవాత తమ్ముడి బుగ్గలు కూడా పుణికింది.

ఇక చూడాలి ఆవిడ గొప్పలు! కొత్తగా ఎవరు కనబడినా అల్లుడి పురాణమే. ఒకప్పుడు వంతెన దగ్గర కాలువ మీద వేసిన ఇనప జల్లెడ కనిపిస్తే పక్కకు తప్పుకునేవాడు. ఇప్పుడు దాని మీదే దబదబా అడుగులు వేసుకుంటూ పోతున్నాడు. "వయసు వచ్చాక ధైర్యం వచ్చింది మా వాడికి" అని మురిసిపోయింది. పిచ్చి తల్లి, అది ధైర్యం అనుకుంది.

అల్లుడు తిరిగొచ్చిన ఏడో వారంలో నాడాలు మార్చే రోజు వచ్చింది. అంతకు ముందు రెండు రోజులుగా అల్లుడు మేత సగం వదిలేస్తున్నాడు. "మళ్లీ ఏమైంది అల్లుడుగారికి? కొత్త దాణా తెప్పించాలా, పట్టుపరుపు వెయ్యాలా?" అని అత్త ఆటపట్టించింది. అలక వాడికి కొత్తేం కాదు. రెండు పూటలు చూస్తే అదే తగ్గుతుందనుకుని ముందు రోజు కూడా తొమ్మిది తిరుగుళ్లు తిప్పింది.

నాడాల తాత ముప్ఫై ఏళ్లుగా ఆ కొట్టంలో గుర్రాలకు నాడాలు కొడుతున్నాడు. తోలు గుడ్డ నడుముకు కట్టుకుని, ఎడమ కాలు ఎత్తి తన మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. పెట్టుకోగానే ముక్కు చిట్లించాడు.

"ఏమ్మా, వీడు కుంటడం లేదూ?"

"ఎవరూ, మావాడా? నిన్ను మోసుకుని వంతెన దాకా పరిగెడతాడు. కావాలంటే ఎక్కు."

తాత నవ్వలేదు. పాత నాడా ఊడదీశాడు. కత్తితో గిట్ట అడుగున మట్టి గీకాడు. మధ్యలో మెత్తగా ఉండే చోట ఒక నల్లటి చుక్క కనిపించింది. పటకారుతో పట్టుకుని లాగాడు. వస్తోంది, వస్తోంది, ఇంకా వస్తూనే ఉంది. చూపుడు వేలంత మేకు. దాని వెనకే చీము బొటబొటా కారి తాత తోలు గుడ్డ మీద పడింది.

అత్త నోరు రెండు చేతులతో మూసుకుంది. వాసనకు పక్క గుర్రం వెనక్కి జరిగింది. అల్లుడు మాత్రం తల వంచి ఆవిడ కొంగులో క్యారెట్ కోసం వెతుక్కుంటున్నాడు.

"వీడు ఉలకలేదేంటి?" అన్నాడు తాత, ఎవరితోనూ కాదు.

ఎడమ కాలు దించి కుడి కాలు ఎత్తాడు. పటకారుతో కాస్త నొక్కాడు. అల్లుడు చటుక్కున కాలు లాక్కున్నాడు. తాత మళ్లీ ఎడమ కాలు ఎత్తి అంతే నొక్కాడు. ఏమీ లేదు. గట్టిగా నొక్కాడు. ఏమీ లేదు. కత్తి మొన ఆ పుండులోనే పెట్టి ఆనించాడు. చూస్తున్న అత్త కెవ్వుమంది. అల్లుడు చెవులు కదిపి, ఎందుకు అరిచిందా అన్నట్టు ఆవిడవైపు చూశాడు.

తాత వేళ్లు మెల్లగా గిట్ట పైకి వెళ్లాయి. వెంట్రుకల కింద అటొక మచ్చ, ఇటొక మచ్చ. చాలాసేపు అక్కడే తడుముతూ ఉండిపోయాడు.

"ఇది ఎవరు చేశారమ్మా?"

"ఇంజెక్షన్లు..."

"ఇంజెక్షన్లు కాదు. నరం కోసేశారు. నొప్పి పైకి తెలిసేది ఆ నరంలోంచే. కాలు ఉంది, నడుస్తుంది. దానికి ఏమయ్యిందో మాత్రం వీడికి తెలియదు. మేకు దిగినా తెలియదు, ఎముక విరిగినా తెలియదు." తాత మేకు పక్కన పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు. "ఇది దిగి ఎన్నాళ్లయిందో. లోపలంతా కుళ్లింది."

అత్త లెక్క వేసుకుంది. నిన్నటి తొమ్మిది తిరుగుళ్లు. మొన్నటి ఎనిమిది. ఆ ఇనప జల్లెడ మీద దబదబా అడుగులు. వదిలేసిన మేత. అయ్యో, జ్వరం వచ్చిందిరా నా తండ్రికి, నేను అలక అనుకున్నానే! ఆవిడ వాడి మెడ మీద చెయ్యి వేసింది. ఒళ్లు కాలిపోతోంది. ఇన్ని రోజులుగా ఆ మెడకు పట్టీ వేసి విప్పింది తనే, అయినా తెలుసుకోలేకపోయింది.

తమ్ముడు వచ్చేసరికి తాత కాలికి మందు పెట్టి గుడ్డలు చుడుతున్నాడు. అత్త ఎదురు వెళ్లి అతని చొక్కా పట్టుకుంది.

"నరం కోయించావురా? నా గుర్రానికి నరం కోయించావా?"

తమ్ముడి ముఖం పాలిపోయింది. "నంబరు కొట్టేస్తే లారీ ఎక్కించేవాళ్లు కదక్కా. నేను చెప్పబోయాను. నువ్వే చెవులు మూసుకున్నావు. నొప్పి పోవాలి, అంతే అన్నావు." అతను తాత చుడుతున్న గుడ్డల వైపు చూశాడు. "పోయింది కదా."

అత్త కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అతను ఇప్పుడు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు మరి. ఆవిడ చెయ్యి దించి ఇంత గడ్డి తీసుకుని అల్లుడి నోటికి అందించింది. వాడు తినలేదు.

డాక్టరు మరుసటి రోజు పొద్దున్నే వస్తానంది. "అప్పటిదాకా ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వకండి" అని ఫోనులో రెండుసార్లు చెప్పింది. వాడిని మెత్తటి పొట్టు మీద నిలబెట్టి, తాడు కట్టి, అడ్డుకర్ర వేశారు. అత్త పైకి వెళ్లలేదు, అక్కడే గోనెపట్టా మీద కూర్చుంది.

తెల్లవారింది. ఏడున్నరకు బండ్లు కట్టే సందడి మొదలైంది. పట్టీలు, గంటలు, చక్రాల చప్పుడు. అత్త గోరువెచ్చటి నీళ్ల కోసం కుళాయి గదిలోకి వెళ్లింది. ఎంతసేపని? బకెట్టు నిండేంతసేపు. తిరిగొస్తే అడ్డుకర్ర కింద పడి ఉంది. పళ్లతో లాగి ముడి విప్పే విద్య వాడికి మొదటి నుంచీ ఉంది. ఆ తెలివికి ఆవిడ ఎన్నిసార్లు చప్పట్లు కొట్టలేదు!

ఆవరణలో మనుషులందరూ పనులు ఆపి నిలబడిపోయి ఉన్నారు. గుమ్మం నుంచి రాళ్ల మీద ఒక తడి చార ఆవరణ అవతలి దాకా వెళ్లింది. మొదట నీళ్లనుకుంది. కాదు. గుడ్డలు ఊడి సగం దారిలో పడి ఉన్నాయి. ఆ చార చివర ఆవిడ బండి ఉంది. బండి ముందు చాచిన రెండు నొగల మధ్య, పదకొండేళ్లుగా రోజూ నిలబడే చోట, తనంతట తనే వెనక్కి నడిచి వెళ్లి, అల్లుడు నిలబడి ఉన్నాడు. పట్టీ వేయించుకోవడానికి మెడ వంచాడు. ఎడమ గిట్ట వెనకవైపు ఊడి, పక్కకు తెరుచుకుని ఉంది. వాడు దాని మీదే పూర్తి బరువు వేసి నిలబడ్డాడు. అత్తను చూసి చెవులు నిక్కించి, ఆలస్యమైందేం అన్నట్టు చిన్నగా సకిలించాడు.

బకెట్టు ఎప్పుడు జారిందో ఆవిడకు తెలియదు. పరిగెత్తి వెళ్లి నేల మీద చతికిలబడి, ఆ కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. దించితే నిలబడతాడు. నిలబడితే నడుస్తాడు. చీర నిమిషంలో తడిసిపోయింది. తమ్ముడు అవతలి పక్కకు వచ్చి నిలబడి, గుర్రం భుజానికి తన భుజం ఆనించాడు. అతను గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

డాక్టరు వచ్చి, ఒక్కసారి చూసి, తల అడ్డంగా ఊపింది. ఇక వాడిని శాశ్వతంగా నిద్రపుచ్చడమే. సంచి విప్పి సూది సిద్ధం చేస్తూ, ఇలాంటప్పుడు ఎవరికైనా చెప్పే మాటే మెల్లగా చెప్పింది.

"భయపడకమ్మా. వాడికి నొప్పి ఏమీ తెలియదు."

"ఆ మాట అనకండి" అంది అత్త. "మీకు దండం పెడతాను. ఇంకేమైనా అనండి, ఆ మాట మాత్రం అనకండి."

పడుకోబెట్టాలంటే చోటు కావాలి. గుర్రాన్ని కదిలించకూడదు కాబట్టి బండినే వెనక్కి తీయాలంది డాక్టరు. అడ్డా వాళ్లు నలుగురు బండి వెనక పట్టుకుని మెల్లగా లాగారు. చక్రాలు కదిలిన చప్పుడు అల్లుడి చెవిన పడింది.

వాడు బయల్దేరాం అనుకున్నాడు. పదకొండేళ్లుగా చక్రాలు కదిలాయంటే నడవాలన్నదే వాడికి తెలుసు. అత్త ఎంత గట్టిగా పట్టుకున్నా కాలు ఆవిడ ఒళ్లోంచి లాక్కుని, రాళ్ల మీద పెట్టి, ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. తల ఎగరేసి, హుషారుగా, వంతెన వైపు.

"ఆగు అల్లుడూ!" అని అరిచింది అత్త.

ఎప్పుడూ మాట వినే గుర్రమే. ఆగాడు. నాలుగు కాళ్లూ సమానంగా పెట్టి, ఏ బాధా లేని గుర్రంలా నిటారుగా నిలబడి, తరవాత ఏం చెయ్యమంటుందా అని ఆవిడవైపు చూశాడు.