మనసెరిగిన మొగుడు

ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్నాను. గుమ్మానికి ఆనుకుని చూస్తున్న మా ఆయన ఉన్నట్టుండి అన్నాడు: "కిటికీ ఉన్న గది ఒక్కటి చాలు. పెద్దది కూడా అక్కర్లేదు. అంతేగా?"

దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. అది నా వాక్యం. ముందురోజు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, ఆయన కునుకు తీసే వేళ ల్యాప్‌టాప్‌లో రాసుకున్నది. ముప్పయ్యేళ్ళు అచ్చాఫీసులో ఊరందరి రాతలకూ ప్రూఫులు దిద్దినదాన్ని, నా వాక్యం నాకు తెలీదా? మనసులో మాటలన్నీ రాసుకునే ఆ ఫైలుకి 'పచారీ సామాను' అని పేరు పెట్టాను, ఆ పేరు చూస్తే ఇంట్లో ఎవరూ తెరవరని.

"మీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావుగా పొద్దున. మర్చిపోయావా?"

చెప్పానా? రెండేళ్ళుగా ఇదే వరస. మొదట చిన్నచిన్నవి. అక్క మీద బెంగ, మోకాలి సలుపు. నేను నోరు విప్పకముందే ఆయన నోట వచ్చేసేవి. "మా అన్నయ్య నీ మనసు చదివేస్తాడు వదినా, పెట్టి పుట్టావు" అనేది ఆడపడుచు. కూరలో ఉప్పు గురించి తప్ప నన్నేమీ అడగని మనిషికి ఇన్నాళ్ళకి నా మనసు తెలిసిందని నేనూ మురిసిపోయాను. తర్వాత భయం పట్టుకుంది. అనుకున్నవన్నీ పైకే అనేస్తున్నానా? గిన్నెలు తోముతూ తడివేలు పెదాల మీద పెట్టి చూసుకునేదాన్ని, కదులుతున్నాయేమోనని. బట్టలారేస్తుంటే ఏ ఆలోచనైనా వస్తే తరిమేసేదాన్ని. నా తలలో ఎవరో కుర్చీ వేసుకుని కూర్చుని వింటున్నట్టుండేది.

"దీనికి మతిమరుపు ముదిరిందమ్మా," నా ఎదుటే ఫోనులో చెల్లెలికి చెప్పాడాయన. "సోమవారం డాక్టరుకి చూపిస్తా. ఇకనుంచి తాళాలూ, దీని ఫోనూ నా దగ్గరుంటేనే మంచిది."

శుక్రవారం లైబ్రరీలో పెద్దవాళ్ళకి క్లాసుందని బోర్డు చూశాను: ఉచిత సాఫ్ట్‌వేర్లు, కంప్యూటరు భద్రత. కొత్తది నేర్చుకుంటే మతి నిలుస్తుందంటారుగా. కూరగాయలకని చెప్పి, సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని వెళ్ళాను. చెప్పేది నా ఈడు ఆవిడే. "మీ కుక్క పేరు పాస్‌వర్డుగా పెట్టకండి. రోజూ వీధంతా వినేలా అరిచి పిలిచేది ఆ పేరేగా!" అని నవ్వించింది. తర్వాత దొంగ ప్రోగ్రాముల్ని వెతికిపట్టే సాఫ్ట్‌వేరొకటి అందరి చేతా పెట్టించింది. పైసా ఖర్చు లేదు. నా తెర మీద ఎర్రగా ఒక వరస వచ్చింది.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించింది. "మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ ఇది రాసుకుంటోందండీ. వాక్యం పూర్తికాగానే ఒక మెయిలుకి పంపేస్తోంది. పెట్టి రెండేళ్ళయింది. ఈ అడ్రసు ఎవరిదో తెలుసా?"

తెలుసు. ఆయన రిటైరైనప్పుడు ఆ అడ్రసు తెరిచి ఇచ్చింది నేనే.

"తీసేయనా?"

"వద్దు. ఎలా తీయాలో నేర్పండి చాలు."

ఇంటికొచ్చి రాశాను: ఎడమ చెవి ఒకటే పోటు. నిజానికి నాకు ఏ చెవీ నొప్పి లేదు.

మర్నాడు కాఫీ అందుకుంటూ ఆయన అడిగాడు, "చెవిపోటు తగ్గిందా?"

"నేనెప్పుడు చెప్పాను?"

"చూశావా, మళ్ళీ మర్చిపోయావు." ఎంతో జాలిగా అన్నాడు. మతి పోతోందని నేను కుంగిపోతుంటే రెండేళ్ళు పక్కనే ఉండి చూశాడు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. నా మతి ఎక్కడికీ పోలేదు. అందుకు ఏడ్చాను.

ఆదివారం మధ్యాహ్నం ఆయన పక్కగదిలో నడుం వాల్చాడు. నేను తలుపు వేసుకోకుండానే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాశాను.

నాకు చెవిపోటు లేదు.

గోడకవతల ఆయన ఫోను టింగుమంది. ఆ చప్పుడు రెండేళ్ళుగా వింటూనే ఉన్నాను, స్నేహితుల మెసేజీలనుకుని.

ఎప్పుడూ లేదు.

టింగ్. మంచం కిర్రుమంది.

రేపు డాక్టరు దగ్గరికి నేను రాను. నా తాళాలు, నా ఫోను నా దగ్గరే ఉంటాయి.

టింగ్. ఇల్లంతా చడీచప్పుడు లేదు. అవతల ఊపిరి బిగబట్టి చదువుతున్నాడు. నా మాట ఆయన అంత శ్రద్ధగా ఎన్నడూ విన్నది లేదు.

లైబ్రరీ ఆవిడ నేర్పినట్టే ఆ ప్రోగ్రాము పేరు వెతికి తీసేశాను. మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. ఒక వాక్యం. ఇంకొకటి. పేజీ నిండింది. గోడకవతల ఫోను మోగలేదు.

చాలాసేపటికి అడుగుల చప్పుడయింది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫోను, మొహం పాలిపోయి ఉంది.

"ఏం రాస్తున్నావు?"

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట నన్ను అడగడం అదే మొదటిసారి.

నేను చెప్పలేదు.