అసుంత రేవు

అసుంత ఊరికి ఆ పేరెలా వచ్చిందని అడిగితే పాదరీలు మేరీమాత పేరంటారు. మేరీమాతా లేదు, మన్నూ లేదు. అప్పటికి అక్కడ ఊరే లేదు. మోకాలి లోతు నది, అటొక దేశం, ఇటొక దేశం, రెండు గట్ల మీదా సరుకు దాటనివ్వకుండా తుపాకులు పట్టుకున్న సిపాయిలు. అంతే.

ఆ రేవులో సతూకా కూతురు అసుంత కాలుజారి పడింది. నాలుగేళ్ల పిల్ల. బయటికి లాగారు గానీ, జడుసుకుని జీవాన్ని నీళ్లలోనే వదిలేసింది. ఒళ్లొక్కటే ఇంటికొచ్చింది. తిండి ముట్టదు, పలకదు, రోజురోజుకీ చిక్కి శల్యమైపోతోంది. అలాంటప్పుడు బిడ్డ టోపీ పట్టుకుని, పడ్డచోటే నిలబడి, పొద్దుగూకే వేళ తల్లే బిడ్డను పేరుపెట్టి పిలవాలి. జీవం టోపీలోకొస్తే తీసుకెళ్లి బిడ్డ తలకు పెట్టాలి.

సతూకా రోజూ పిలిచేది. "అసుంతా, చలేస్తుందమ్మా, ఇంటికి పోదాం రా."

జీవం తప్పిపోయిన చోటంటే సిపాయిలకు హడలు. పొద్దు వాలితే ఆ దరిదాపులకొచ్చేవాళ్లు కాదు. ఉప్పు వర్తకుడు ఎవారిస్తో ఆ సంగతి పసిగట్టి అక్కడే మూటలు మోసే తన లామా జంతువుల మీది ఉప్పు దించాడు. అవతలి గట్టువాళ్లు ఎండుచేపలు తెచ్చారు. ఎక్కడ కలుద్దామంటే, అసుంత దగ్గర. ఆలుగడ్డలు తవ్వే నాటికి రేవంతా జనం, ఎవరి నోట విన్నా అసుంతే.

సతూకా ఎవారిస్తో కాళ్ల మీద పడింది.

"అన్నా, నీకు పుణ్యముంటుంది, ఆ పేరు ఎత్తొద్దని చెప్పు. ఇంతమంది పిలుస్తుంటే నా పిల్ల ఎవరి దగ్గరికని వస్తుంది?"

"జనం నోటికి తాళం వెయ్యగలనా చెల్లెమ్మా? పోనీ నువ్వే కాస్త గట్టిగా పిలువు," అన్నాడు అతను, ఉప్పుగడ్డలు దించుతూనే.

గట్టిగానే పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. పాడు సంత, ఆ బేరాల గోలలో ఆమె పిలుపు ఆమెకే వినపడలేదు. తొలి మంచు కురిసిన నాడు పిల్ల పోయింది.

మర్నాడు సతూకా మళ్లీ రేవుకొచ్చింది. ఆమెను చూసి సంతంతా బేరాలు ఆపేసింది. అప్పటికొచ్చింది సిగ్గు.

ఎవారిస్తో తలొంచుకుని అందరికీ చెప్పాడు. "ఈ రేవుకి ఇంకేదన్నా పేరు పెట్టుకుందాం. ఆ బిడ్డ పేరు ఎవరూ ఎత్తకండి."

"ఎత్తండన్నా," అంది సతూకా. గొంతులోంచి మాట కాదు, గాలే వస్తోంది. "దాని జీవం ఇంకా ఆ నీళ్లలోనే ఉంది. నాకు పిలవడానికి గొంతు లేదు. మీరన్నా పిలవండి."

చేపలమ్మే ముసలామె ముందుగా నది వైపు తిరిగి పిలిచింది. ఆ తర్వాత సంతంతా పిలిచింది.