ఎనిమిది కిలోల రెండొందలు

మళ్ళీ ఎనిమిది కిలోల రెండొందలే, హుద్‌హుద్ తుపానుకి ముందు వారం ఇదే, క్రిస్మస్ ముందు దగ్గుకొస్తే ఇదే, కొత్త సంవత్సరం ఆరాధనయ్యాక జ్వరానికొస్తే ఇదే, నా కూతురు దీవెనకి పదకొండో నెల నిండుతోంది, ఇవాళ కూడా నర్సు పద్మకుమారి పిల్ల బరువు రాసే పుస్తకం లాక్కుని, పైనున్న అంకె చూసి కింద దించి, నా ఒళ్ళో పడేసి పోయింది, పిల్లని ఎత్తలేదు, తూయలేదు, మొహమైనా చూడలేదు, పొద్దున్నుంచి ఇంతే, ఆటో దిగుతుంటే పిల్ల చేతి ప్లాస్టిక్ గాజు జారి రోడ్డు మీద పడింది, తీసి కొంగున ముడేసుకుని, కొలత తెలీని గాజులోణ్ణి తిట్టుకుంటూ వచ్చి బెంచీ మీద కూచున్నాను, ఆసుపత్రిలో ఇదీ, గోడమీద బోర్డు చూడు ఎంతుందో, పిల్లల డాక్టరు, ఆడవాళ్ళ డాక్టరు, రక్త పరీక్షలు, టీకాలు, ఇరవైనాలుగ్గంటలు, లోపల చూస్తే డాక్టరు మోహనకృష్ణ సారొక్కడే, ఆయనా పదకొండింటికొచ్చి ఒంటిగంటకి పోతాడు, పిల్లల డాక్టరు రిబ్బను కత్తిరించిన నాడు కనపడ్డాడంతే, చీటీ రాసేది పద్మకుమారి, బీపీ చూసేది పద్మకుమారి, సూది పొడిచేది, మందులిచ్చేది, గచ్చు తుడిచేదీ పద్మకుమారే, రెండో నర్సు ధనలక్ష్మి మానేసి ఆర్నెల్లయింది, ఆమె కుర్చీలో ఇప్పుడు దూది మూటలున్నాయి.

పక్కన దాలయ్య తాత మోకాలు రుద్దుకుంటూ, ఆ మూలకి సూడమ్మా, పిల్లల్ని తూసే మిషను మీద సిరప్పు డబ్బాలు కూకున్నాయి, బాగా బలిసినాయి గదా అన్నాడు, అందరూ నవ్వారు, నాకు ఒళ్ళు మండిపోయింది, లేచి పద్మకుమారికి అడ్డం నిలబడి, తూయకుండా ఎలా రాసేవక్కా అని అడిగితే, అది తుపాను నాడు తడిసి సచ్చిపోనాదమ్మా, సార్‌కి సెప్పి సెప్పి నా నోరు నొప్పెట్టినాది, పొద్దున్నించి టీ సుక్క తాగలేదు, నాకూ రెండు సేతులే గదా అంది, ఒక చేతిలో సూది, ఇంకో చేతిలో చీటీల కట్ట, జాలేసింది, జాలి పడ్డందుకు నా మీద నాకే ఇంకా కోపమొచ్చింది, ఆ సారైతే పిల్ల ఎదురుగా ఉంటే పుస్తకం చూస్తాడు, బరువు నిలకడగా ఉందమ్మా, భయం లేదు అంటాడు, నెలల పిల్ల బరువు నిలకడగా ఉండటమేటి, నాటిన నారు మూడు నెలలు అంతే ఉంటే ఏ రైతైనా ఊరుకుంటాడా, ఆయనకి తట్టలేదు సరే, నాకెందుకు తట్టలేదు.

తట్టక కాదు, తట్టనివ్వలేదు, మా అత్త జ్ఞానసుందరి రోజూ పోరింది, ఒసే, పిల్ల సిక్కిపోతన్నాది, ఎత్తుకుంటే సేతికి తెలస్తన్నాది అని, నీ పాలల్లో బలం లేదు అంటున్నట్టే నాకు వినపడింది, పుస్తకం తెచ్చి ముందర పెట్టి, సదువుకో అత్తా అన్నాను, అక్షరం రాని మనిషని తెలిసే అన్నాను, తొమ్మిదిలో బడి మానేసిన నాకు ఆ ఇంట్లో ఉన్న గొప్ప అదొక్కటే, మా ఆయన ఎజ్రా కూడా డాక్టర్ రాసినాక ఇంకేటి అన్నాడు, ఆవిడ బైబిలు సంచి భుజాన వేసుకుని ప్రార్థన కూటానికి వెళ్ళిపోయింది, గెలిచాననుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను.

నంబరు పిలిచారు, లోపలికెళ్ళాను, సారు అలవాటుగా చెయ్యి చాపాడు, పుస్తకం ఇవ్వలేదు, ముందు పిల్లని తూయండి సార్, ఎక్కడ తూస్తారో మీ ఇష్టం, తూసేదాకా నేను లేవను అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఆయన పద్మకుమారి వైపు చూశాడు, ఆమె తలుపు బయటి సిరప్పు డబ్బాల వైపు చూసింది, నేను కొంగు ముడి విప్పి గాజు తీశాను, సెప్టెంబర్లో సబ్బు రాస్తేగాని ఎక్కలేదిది, ఏడ్చింది పిల్ల, ఇప్పుడు చేతికి పెడితే దానంతటదే మణికట్టు దాటి మోచేతి దాకా పోయి ఆగింది, దీవెన దాన్ని చూసి నవ్వింది, గాజు పెరగదు గదా, గాజులోడు కొలత తప్పలేదు, నా పిల్లే తరిగిపోయింది, పుస్తకమెరగని మా అత్త చెయ్యి ఆ సంగతి ఎప్పుడో చెప్పింది, వినలేదు నేను.