సీసాలో గీత

తన వంతు రాగానే కళ్ళద్దాలాయన బండి దిగి, స్టాండు వేసి, ట్యాంకు మూత తీసి, ఎప్పటిలాగే ఎడమవైపు గొట్టాన్ని వేలితో చూపించాడు. ఆ బంకులో రెండు గొట్టాలున్నాయి. ఎడమదాంట్లో వందకు పది పాళ్ళు ఇథనాల్ కలిపిన పెట్రోలు, కుడిదాంట్లో ఇరవై పాళ్ళు కలిపినది. కుడిది చవక. అయినా ఆయన ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికొచ్చి మరీ పదే పోయించుకుంటాడు.

"పది అయిపోయింది బాబాయ్. ఇక రాదంట కూడా" అంది పెట్రోలు పోసే అమ్మాయి.

ఆయన బండి వంక చూశాడు. ట్యాంకు చూస్తే అడుగంటింది. పెట్టెనిండా సరుకుంది. చేసేదిలేక ఇరవైకే తలూపి, పేరు తెలియని మందు బిడ్డకు పట్టించే తల్లిలా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి చిన్న గాజుసీసా తీసి, అందులోనూ కాస్త పోయించుకున్నాడు.

అద్దాలు అరగదీసే కార్ఖానా నుంచి కళ్ళజోళ్ళ దుకాణాలకు సరుకు చేరవేయడం ఆయన పని. పెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, ఒక్కో జోడునీ పడుకోబెట్టి, గతుకు కనిపిస్తే ఊపిరి బిగబట్టి నడుపుతాడు. జుట్టు నెరిసేదాకా అదే పని. ఆయన గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే పెద్ద విశేషమేమీ లేదు, ఆ బండి తప్ప.

బండి ఇచ్చింది భార్య అన్నగారు. మెకానిక్కు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. కొత్తగా పెళ్ళయి, పని పోయి, ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఆ బావ రెండు పాత బండ్లు విప్పి ఒక బండి బిగించి గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాడు. కార్ఖానా పని ఆ బండి ఉందనే దొరికింది. కూతురు పుట్టే వేళకు భార్యను ఆసుపత్రికి చేర్చిందీ, ఆ కూతురిని బడికి మోసిందీ అదే. బావ చెప్పిన షరతు ఒక్కటే. పాత బండి కాబట్టి పది దాటకూడదు, దాటితే లోపలి రబ్బర్లు నానిపోతాయి.

పెట్రోల్లో ఇథనాల్ ఎంతుందో కొలిచే పద్ధతీ బావే నేర్పాడు. చెల్లెలి గోళ్ళరంగుతో ఒక సీసాకు మూడు ఎర్రగీతలు పెట్టాడు. కింది గీతదాకా నీళ్ళు, పైగీతదాకా పెట్రోలు పోసి, మూత పెట్టి కుదిపి ఉంచాలి. పెట్రోల్లోని ఇథనాల్ నీళ్ళలోకి దిగుతుంది, నీటిమట్టం పెరుగుతుంది. నడిమి గీత దగ్గర ఆగితే పది, దాటితే ఎక్కువ. మొదటిసారి నీళ్ళు పెరగడం చూసి కళ్ళద్దాలాయన, పెట్రోల్లో నీళ్ళు కలిపారంటూ బంకుకెళ్ళి పెద్ద రభస చేసి వచ్చాడు. బావ ఆ సంగతి చుట్టాలందరికీ చెప్పి ఏళ్ళ తరబడి నవ్వించాడు.

ఇప్పుడా బావ మంచం మీదున్నాడు. ఇక మందులతో పనిలేదని డాక్టరు చెప్పేశాడు. అయినా సాయంత్రమయ్యేసరికి సీసా కోసం ఎదురుచూస్తాడు. బావ భార్య, అంటే అక్కయ్య, ఇంట్లో ఉండే గీతల సీసాలో నీళ్ళూ, కళ్ళద్దాలాయన తెచ్చిన పెట్రోలూ పోసి ఇస్తుంది, బావ వణికే చేతులతో కుదిపి, కిటికీ వెలుతురులో పెట్టి, "పదే. తోలుకో" అంటాడు. కళ్ళద్దాలాయన రోజూ ఒక మాట చెప్పాలనే వెళతాడు. ఆ బండి లేకపోతే నా బతుకు లేదు బావా అని. నోరు పెగలదు. ఉత్త సీసాతో తిరిగొస్తాడు.

ఆ రోజంతా చెవులు రిక్కించి నడిపాడు. బండి మాత్రం ఏమీ ఎరగనట్టు పరుగెత్తింది. చివరి దుకాణంలో ఒక ముసలమ్మ కొత్త జోడు పెట్టుకుని, తన అరచేతులు తిప్పితిప్పి చూసుకుని, తెచ్చిన ఆయన్ని చూసి "చల్లగా ఉండు నాయనా" అంది. అద్దాలు చేసింది ఆయన కాదు, మోసుకొచ్చాడంతే. ఆమెకు ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందోనని దారంతా ఆశ్చర్యపోయాడు.

ఇరవై సంగతి తెలిస్తే పోయే ప్రాణానికి బండి బెంగ తగులుకుంటుందని భయపడ్డాడు. అందుకే బావ ఇంటికి వెళ్ళగానే నేరుగా వంటింట్లో దూరి, అక్కడి గీతల సీసాలో కింది గీతకు బాగా తక్కువగా తనే నీళ్ళు పోశాడు. తెచ్చిన పెట్రోలు పైగీతదాకా నింపాడు. కుదిపితే నీళ్ళు సరిగ్గా నడిమి గీత దగ్గర ఆగాయి.

బావ సీసా అందుకుని చాలాసేపు చూశాడు. "రోజూ మీ అక్కయ్య పోసే నీళ్ళు ఇవాళ నువ్వు పోశావేం?" అన్నాడు.

కళ్ళద్దాలాయన చేతిలోని ఖాళీ సీసాను జేబులోకి తోసేశాడు.

"పది ఆగిపోయిందా? పోనీలే. ఆ రబ్బర్లు నేను మంచం ఎక్కకముందే మార్చేశాను. ఇరవై పోసినా నీ బండికేం కాదు."

"మరి నన్నెందుకు బావా ఇన్నాళ్ళూ ఊరు చివరిదాకా తిప్పావు?"

"సీసా లేకపోతే రోజూ వచ్చేవాడివా? వచ్చినా, నన్ను చూసి ఏడుపుమొహం పెట్టుకుని కూర్చునేవాడివి. సీసా ఉంటే నేను మెకానిక్కుని."

కళ్ళద్దాలాయనకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మంచం పక్కన కూర్చుని, గ్రీజు మరకలు ఇంకా వదలని ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ మాట దానంతటదే వచ్చేసింది. "నువ్వు బండి ఇవ్వలేదు బావా. నాకు బతుకిచ్చావు."

"తెలుసులే" అన్నాడు బావ. "అయినా చెప్పావు, బాగుంది" అన్నాడు. సీసా కిటికీలో పెట్టించుకుని, అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారుతుండగా అక్కయ్య ఫోను చేసింది. నిద్రలోనే పోయాడట, మొహం ప్రశాంతంగా ఉందట. భార్యను వెనక కూర్చోబెట్టుకుని కళ్ళద్దాలాయన బండి తీశాడు. ఒక్క తన్నుకే అందుకుంది. దారి పొడుగునా భార్య ఆయన వీపుకు తల ఆనించి ఏడుస్తూనే ఉంది, బండి ఎక్కడా ఆగలేదు.

ఆ గదిలో కిటికీ దగ్గర సీసా పెట్టినచోటే ఉంది. కింద నీళ్ళు, పైన పెట్రోలు, రెంటి నడుమ బావ చెల్లెలి గోళ్ళరంగు గీత ఎర్రగా మెరుస్తోంది.