మూడో వరుసలో ఆగిన చప్పుడు

కీబోర్డు శుభ్రం చేయడమంటే గిన్నెలు తోమినట్టు కాదు. ముందు తీగ ఊడదీయాలి. తర్వాత బోర్లించి, పాలు తాగిన పసిపిల్లను భుజాన వేసుకుని తట్టినట్టు వీపు మీద మెల్లగా తట్టాలి. అప్పుడు రాలుతుంది లోపలున్నదంతా. దుమ్ము, వెంట్రుకలు, గోటి ముక్కలు. మా ఇంట్లో అయితే బిస్కెట్ పొడి కూడా. మా ఆవిడకి దాని మీదే తినే అలవాటు.

"ఎన్నిసార్లు చెప్పాలే, దాని మీద తినొద్దని?" అనేవాణ్ణి.

"మిషన్ల మీద మీరు టీ ఒలకబోసుకోలేదా ఏమిటి? నన్నంటారేం?" అనేది.

ఆవిడ లాయర్ల కాగితాలు ఇంట్లోనే కూర్చుని టైపు చేసేది. నేను బతుకంతా కుట్టుమిషన్లు బాగుచేశాను. నాకు చదువు అంతంతమాత్రం. అక్షరాలు కూడబలుక్కోవాల్సిందే. కానీ స్క్రూలున్న వస్తువు ఏదైనా సరే, నా చేతికి వచ్చిందంటే మాట వింటుంది. అందుకని శుభ్రం చేయడం నా వంతు, సరిచూడటం ఆవిడ వంతు. అదీ మా ఇద్దరి ఒప్పందం.

కొక్కెంతో ఒక్కో మీటా పైకి లాగి, తువ్వాలు మీద అదే వరుసలో పేర్చుకునేవాణ్ణి. సబ్బునీళ్ళలో కడిగి, నీడపట్టున ఆరబెట్టి, కింద పళ్ళెమంతా మిషన్ బ్రష్షుతో ఊడ్చి, మళ్ళీ ఎక్కడివక్కడ నొక్కేవాణ్ణి. అప్పుడు కేకేసేవాణ్ణి, "అయింది, రా" అని.

కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. పైన ఎడమ మూల నుంచి మొదలుపెట్టి ఒంటి వేలితో ఒక్కోటీ నొక్కేది. టక్. టక్. టక్. అన్నీ బాగుంటే చివర్న, కిందున్న ఆ పొడుగు మీటని బొటనవేలితో రెండుసార్లు కొట్టేది. టప్ టప్. అంటే ఇక నేను టీ తాగొచ్చని. అది వినపడేదాకా నాకు టీ లేదు.

అంత పోలీసు తనిఖీ ఎందుకంటే, మొట్టమొదటిసారి శుభ్రం చేసినప్పుడు నేను ఒక్కో మీట కిందా మిషన్ నూనె చుక్క వేశాను. కుట్టుమిషన్‌కి నూనె అన్నం లాంటిది. దీనికి విషమని నాకేం తెలుసు? దుమ్మూ నూనే కలిసి జిగురై, కిందికి దిగిన మీట పైకి రానని మొరాయించింది.

"ఇది కీబోర్డా, ఆముదం గానుగా?" అని నెత్తి కొట్టుకుంది. అప్పట్నుంచీ నొక్కే ముందు ఒక్కో మీటనీ ముక్కుతో వాసన చూసేది.

"నూనె వేశారా?"

"లేదే."

"ఒట్టు?"

"ఒట్టు."

పోయిన వానాకాలం ఆవిడ వెళ్ళిపోయింది. చివరి రోజుల్లో వేళ్ళ కణుపులు వాచి చెంచా కూడా పట్టుకోలేకపోయేది. కీబోర్డుని తువ్వాల్లో చుట్టి బీరువా పైన పెట్టాను. మళ్ళీ ఎవరూ దాని జోలికి పోలేదు.

మొన్నామధ్య మా అబ్బాయి కూతురు వచ్చి నా పక్కన చేరింది. దాన్ని మేం పిచ్చుక అంటాం, ఒకచోట నిలవదు గనక.

"తాతయ్యా, సోమవారం నాకు పరీక్ష. డాక్టర్లు మాటల్లో చెప్పింది ఇంట్లో కూర్చుని టైపు చేసే పని. ఈ పల్చటి కీబోర్డుల మీద నా వేళ్ళు జారిపోతున్నాయి. నానమ్మ నాకు నేర్పింది దాని మీదే కదా. దించవూ?"

"పాతదే అది."

"నా వేళ్ళకి అదే తెలుసు. ఈసారి కూడా తప్పితే బాబాయి గోదాములో బస్తాల లెక్క చూసుకోవాలి. నాన్న తేల్చి చెప్పేశాడు."

దించాను. తట్టాను, లాగాను, కడిగాను, పెట్టాను. చివరి మీట నొక్కగానే నోరు దానంతటదే అనేసింది, "అయింది, రా."

వంటింట్లోంచి కోడలు తొంగి చూసింది. "ఎవర్ని పిలిచారు మామయ్యా?"

"ఎవర్నీ లేదమ్మా."

దాన్ని బల్ల మీద అలాగే వదిలేసి వెళ్ళి నడుం వాల్చాను. తీగ ఇంకా తగిలించలేదు.

మధ్యాహ్నం, ఇల్లంతా కునుకు తీస్తున్న వేళ, టక్ మన్నది. బల్లి అనుకున్నాను. టక్. కుళాయి అనుకున్నాను. టక్. లేచి వెళ్ళి చూశాను.

మీటలు వాటంతటవే దిగుతున్నాయి. ఏదో మీద పడితే దిగినట్టు కాదు. ఎవరో వేలితో నొక్కి, సరిగ్గా లేచిందా లేదా అని ఒక్క క్షణం ఆగి, పక్కదానికి పోతున్నట్టు. తీగ కొస నేల మీద వేలాడుతోంది. పై వరుస అయింది. రెండో వరుస అయింది. మూడో వరుస మొదట్లోనే చప్పుడు ఆగిపోయింది. గదిలో గాలి కూడా ఆగినట్టయింది. కాసేపటికి మళ్ళీ పైన ఎడమ మూల నుంచి, టక్.

వెనకాల ఎప్పుడొచ్చాడో మా అబ్బాయి. ఊళ్ళో వాళ్ళందరి మీదా జోకులేసేవాడు, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఎలకేమో నాన్నా."

"ఎలక వరుసగా నొక్కుతుందిటండీ?" అంది వాడి వెనక నుంచి కోడలు, వాడి చొక్కా పట్టుకుని.

"అయితే చెత్తబండిలో పడేసి వస్తాను."

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

మర్నాడు అదే వేళకి అదే చప్పుడు. మిగతావాళ్ళు ముందుగదిలోంచి కదల్లేదు. నాకు మాత్రం భయం పోయింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఆగేది ప్రతిసారీ ఒకే చోట. మూడో వరుసలో, ఎడమ చిటికెన వేలు ఆనే మీట దగ్గర. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాను. ఎంత తోమినా పోని వాసన. మిషన్ నూనె.

చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? పక్కనే పెట్టెలో నూనెడబ్బా ఉంది, నా బుద్ధి ఇంకెక్కడో ఉంది. ఒక్క చుక్క పడి ఉంటుంది. ఆవిడ పట్టేసింది. ఆ మీట ఊడదీసి తుడవమని కూర్చుంది.

తుడిచేవాణ్ణే. కానీ తుడిస్తే చప్పుడు చివరిదాకా పోతుంది. ఆ తర్వాత టప్ టప్. ఆ తర్వాత పని అయిపోతుంది. పని అవనంతకాలం ఆవిడ రోజూ వస్తుంది కదా. అందుకని నోరు మెదపలేదు. ఏమిటి నాన్నా అది అని అబ్బాయి అడిగితే, నాకేం తెలుసురా అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం పిచ్చుక వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. బల్ల మీద టక్, టక్ మంటూనే ఉంది.

"తాతయ్యా, నానమ్మకి నా మీద కోపమా?"

"కోపమెందుకే?"

"అడక్కుండా తన వస్తువు తీసుకున్నాననేమో. నాకొద్దు తాతయ్యా. రేపు పరీక్షకి కూర్చోను. గోదాముకే పోతాను. దాన్ని మళ్ళీ పైన పెట్టెయ్. నానమ్మకి చెప్పు, నేను ముట్టుకోనని."

నానమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న పిల్ల.

"కోపం నీ మీద కాదే పిచ్చుకా. నా మీద. నూనె వేశాను."

దానికి అర్థం కాలేదు. వాసన చూడటం దగ్గర్నుంచి టీ దాకా అంతా చెప్పాను. ఏడుస్తూనే కిసుక్కున నవ్వింది. "అయితే తుడిచెయ్ మరి!"

"తుడిస్తే వెళ్ళిపోతుందే."

అది గుమ్మం దాటింది. మెల్లగా వచ్చి నా కుర్చీ చేతి మీద కూర్చుంది. చప్పుడు మూడో వరుసకి వచ్చి ఆగింది. మళ్ళీ పైనుంచి మొదలైంది.

"ఎన్నిసార్లని మొదట్నుంచి నొక్కుతుంది తాతయ్యా? నానమ్మకి వేళ్ళు నొప్పెట్టవూ?"

ఇక కూర్చోలేకపోయాను. కొక్కెం తీశాను. నేను చెయ్యి చాపగానే చప్పుడు ఆగింది, నాకు చోటిచ్చి పక్కకి జరిగినట్టు. మూడో వరుస మీట ఊడదీశాను. అది చల్లగా ఉంది. అంతకుముందు నొక్కిన మీటలన్నీ గోరువెచ్చగా ఉన్నాయి. అడుగున నూనె మెరుస్తోంది. సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచాను, పొడిగుడ్డతో తుడిచాను, మళ్ళీ తుడిచాను. చెయ్యి ఆలస్యం చేస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి పెట్టి నొక్కాను.

"అయింది, రా," అన్నాను. ఈసారి తెలిసే అన్నాను.

పిచ్చుక నా చెయ్యి పట్టుకుంది. పై వరుస అయింది. రెండో వరుస అయింది. మూడో వరుస దగ్గర ఆగింది. అక్కడ, మా ఇద్దరి మొహాలకి మధ్య, చిన్నగా ముక్కు ఎగబీల్చిన చప్పుడు. పిచ్చుక గోళ్ళు నా చేతిలో దిగాయి.

టక్.

ఇక ఆగలేదు. చివరిదాకా పోయింది. పొడుగు మీట రెండుసార్లు దిగింది. టప్ టప్. తర్వాత పైన తిరుగుతున్న ఫ్యాను తప్ప ఏమీ లేదు.

కోడలు గ్లాసుతో వచ్చింది. "ఇదుగోండి మామయ్యా, టీ."

"నేనడగలేదమ్మా."

"అదేమిటి, ఇప్పుడేగా వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆయనకి టీ ఇవ్వమని..." అని ఆగిపోయింది. ఆయన అని ఈ ఇంట్లో నన్ను అనేది ఒక్కరే. గ్లాసు బల్ల మీద పెట్టి గబగబా వెళ్ళిపోయింది. నేను తాగాను. పంచదార ఆవిడ వేసినంతే ఉంది.

పిచ్చుక పరీక్ష గట్టెక్కింది. ఇప్పుడు రోజూ దాని మీదే డాక్టర్ల మాటలు టకటకలాడిస్తోంది. మధ్యాహ్నాలు అది పని ఆపి నిద్రపోయినప్పుడు నేను ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఏమీ వినపడదు. వారాలు గడిచాయి.

నిన్న పొద్దున పిచ్చుక పిలిచింది. "తాతయ్యా, ఓ కీ పట్టేస్తోంది. ఓసారి చూడవూ."

తీగ ఊడదీశాను. తువ్వాలు పరిచి, బోర్లించి, వీపు మీద తట్టాను. దుమ్ము రాలింది. ఒక వెంట్రుక రాలింది. తర్వాత ముక్కలు ముక్కలుగా బిస్కెట్ పొడి.

"దీని మీద తింటున్నావుటే?"

"నేనసలు బిస్కెట్లే ముట్టను కదా తాతయ్యా. నీకు తెలీదూ?"

తెలుసు. ఒక ముక్క తీసి రెండు వేళ్ళ మధ్య నలిపాను. మెత్తబడలేదు. కరకరలాడుతూ విరిగింది, ఇప్పుడే పొట్లం విప్పినట్టు. పిచ్చుక మెల్లగా బల్లకి దూరంగా జరిగింది.

నేను బ్రష్షు కింద పెట్టి, ఎవరూ లేని కుర్చీ వైపు తిరిగాను.

"ఎన్నిసార్లు చెప్పాలే," అన్నాను, "దాని మీద తినొద్దని?"