కునుకు పరీక్ష

మా అమ్మ కందీతా మొండితనం మెరిదా ఊళ్ళో మా వీధంతటికీ తెలుసు. పైకప్పు కారి, పాత కరెంటు తీగలు చిటపటలాడటం మొదలయ్యాక అక్క ఎల్సీ ఆవిణ్ణి బలవంతాన తన ఇంటికి తీసుకుపోయింది. ఇల్లు అమ్మేద్దామంది. కొని హోటల్ చేసేవాళ్ళు కూడా సిద్ధంగా ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. అమ్మతో కలిసి ఆ ఇంట్లోనే ఉంటానని పట్టుబట్టాను. మేమిద్దరం అరుచుకుంటుంటే అమ్మ నల్ల చిక్కుడు గింజల్లో రాళ్ళేరుతూ తీర్పు చెప్పేసింది.

"బాగుచేయించవే, నిడియా. పనయ్యాక ఓ మధ్యాహ్నం వచ్చి నా గదిలో ఉయ్యాల కట్టుకుని పడుకుంటా. కునుకు పట్టిందా, అది నా ఇల్లు. పట్టలేదా, అమ్మి పారేయండి. ఆ తర్వాత నా ముందు ఎవరూ నోరెత్తకూడదు."

"ఇదెక్కడి లెక్కమ్మా!" అంది అక్క.

"నా ఇల్లు, నా నిద్ర. మధ్యలో నీకేంటే?"

మా ఇళ్ళల్లో మంచమంటే చుట్టాల కోసమే. నిన్న పుట్టిన బిడ్డయినా, పళ్ళూడిన ముసలమ్మయినా వల ఉయ్యాల్లోనే నిద్ర. అందుకే ప్రతి గదిలోనూ ఎదురెదురు గోడల్లో లావుపాటి ఇనప కొక్కేలుంటాయి.

పని అక్క కొడుకు విల్బెర్త్‌కి అప్పజెప్పాను. వాడు హోటళ్ళకి గదులు అలంకరిస్తాడు. పని రాదని అనను, కానీ ఏ ఇల్లు చూసినా వాడికి హోటల్లాగే కనబడుతుంది. మొదటిరోజే మా పూల టైల్స్ నేల మీద కన్నేశాడు.

"పిన్నీ, ఇవి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. పైన సిమెంటు పోసి పాలిష్ పెడితే భలే ఉంటుంది."

"కళ్ళు తిరిగితే వీధిలో కూర్చో. నేల జోలికొస్తే చేతులిరగ్గొడతా."

నేలని సబ్బు నీళ్ళతో నేనే కడిగాను. మోకాళ్ళు పోయాయి గానీ ముదురెరుపు పువ్వులు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఆగాలనిపించలేదు. తలుపుల మీద పేరుకున్న పెయింటు గీయించి దేవదారు చెక్కని బయటికి తెచ్చాం. గోడని చాకుతో గీకితే పొరలు పొరలుగా రంగులు: నాన్న చనిపోయిన ఏడు వేసిన తెలుపు, అక్క పెళ్ళికి వేసిన పసుపు, అన్నిటి కిందా లేత ఆకుపచ్చ. అమ్మ కాపురానికొచ్చినప్పటి రంగు అది. సున్నంలో అదే రంగు కలిపి ఇల్లంతా వేయించాను. కొత్త తీగలు దూలాల వెనక దాక్కున్నాయి. వంటింట్లో గ్యాసు పొయ్యి వచ్చింది, రాతి అరుగు మాత్రం కదల్లేదు. ఇల్లు తేరుకుంటుంటే నాకు గర్వం తలకెక్కింది.

ఆ గర్వంలోనే బోల్తాపడ్డాను. పాత స్నానాలగది పెరటి చివర ఉంది. అమ్మ వానలో అంతదూరం ఎలా వెళ్తుంది? ఆవిడ గదిలోంచే కొంత చోటు తీసి, పలచటి బోర్డు గోడ కట్టి, ఇవతల స్నానాలగది చేద్దామన్నాడు విల్బెర్త్. సరేనన్నాను. బోర్డుకి ఒక అందమైన కొక్కెం కూడా బిగించాడు. అంతా అయ్యాక సంబరంగా ఉయ్యాల కట్టి ఎక్కాను. కొక్కెం, బోర్డు ముక్కతో సహా ఊడొచ్చింది. నేను కడిగిన పూల మీదే దబ్బున కూలబడ్డాను.

విల్బెర్త్ నవ్వు ఆపుకుంటూ చెయ్యందించాడు. "పోనీ, అమ్మమ్మకి మంచి మంచం వేద్దాం పిన్నీ."

"మంచమా? మీ అమ్మమ్మకా?" నడుం నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ మండించింది. "మంచమెక్కితే ఆవిడకి కంటిమీద కునుకుండదు. ఇల్లు హోటలోళ్ళ పాలవుతుంది. సుత్తి ఎక్కడ పెట్టావ్?"

"పిన్నీ, నిన్నే కదా రంగు వేశాం!"

"సుత్తి ఇటివ్వు!"

గోడ నేనే పగలగొట్టాను. మీద దుమ్ము పడుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ వెనక పాత రాతిగోడలో పాత కొక్కెం చెక్కుచెదరకుండా ఉంది. పట్టుకుని వేలాడాను, ఉలకలేదు. స్నానాలగదిని పక్కనున్న సామాన్ల కొట్టుగదిలోకి మార్చాం. అక్కడ నాన్న మంగలి షాపు సామానుంది. పారేయడానికి చేతులు రాక అన్నాళ్ళూ ఆ తలుపే తియ్యలేదు. నాన్న షాపు నిలువుటద్దాన్ని తుడిచి స్నానాలగది గోడకి పెట్టించాను.

పరీక్షకి అమ్మని కావాలనే సోమవారం పిలిచాను. మా ఊళ్ళో సోమవారమంటే ప్రతి ఇంట్లోనూ పంది మాంసంతో వండిన నల్ల చిక్కుళ్ళే. అవి తిన్నాక కళ్ళు తెరిచి కూర్చున్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

"ఇది మోసం," అంది అక్క కంచం చూసి.

"తినడం మానేసెయ్ మరి," అన్నాను. అక్క మానలేదు.

అమ్మ ఇల్లంతా తిరిగింది. నేలని చెప్పులు విప్పి తొక్కింది. ఆకుపచ్చ గోడని అరచేత్తో నిమిరింది. అద్దం ముందు మాత్రం చాలాసేపు నిలబడింది. "ఇందులో మీ నాన్న ఊళ్ళో అందరి మొహాలూ చూశాడు," అంటూ జుట్టు సవరించుకుంది. తన గదిలోకెళ్ళి పక్కగోడ చూడగానే గొంతు మారిపోయింది.

"నా కాలి మచ్చ ఏదే?"

ఉయ్యాల ఊగడానికి అమ్మ మడమతో తన్నే చోట గోడ నల్లబడి ఉండేది. ఇల్లంతా పాతదనం కాపాడానని విర్రవీగిన నేను, మురికే కదా అని దాని మీద రంగు వేయించేశాను.

"రంగు కిందుందమ్మా," అన్నాను నీరసంగా.

అమ్మ ఉయ్యాల కట్టుకుని తలుపేసుకుంది. మేం ముగ్గురం వసారాలో కూర్చున్నాం. లోపల్నుంచి చప్పుడు లేదు. అక్క నావైపు జాలిగా చూసింది. ఆ జాలి చూస్తే ఒళ్ళు మండింది. అంతలో గోడకి ఏదో తగిలిన చప్పుడు. మళ్ళీ తగిలింది. కొక్కెం కిర్రుమంది. కిర్రు, కిర్రు. నెమ్మదించింది. ఆగింది.

ఆ తర్వాత వినిపించింది మా అమ్మ గురక! వీధిలో కుక్క లేచి మొరిగింది. నేను అక్క భుజం పట్టుకుని ఊపేశాను. "వింటున్నావా? వింటున్నావా?"

"చిక్కుళ్ళ మహిమ," అంది అక్క. కానీ కళ్ళు తుడుచుకుంటోంది.

అమ్మ లేచేసరికి పొద్దు వాలింది. "ఎల్సీ ఇంట్లో ఉన్న నా గుడ్డల సంచి ఎవరన్నా తెస్తారా, నేనే వెళ్ళాలా?" అంటూ తలుపు తీసింది. లేత ఆకుపచ్చ గోడ మీద ఆవిడ మడమంత మచ్చ పడి ఉంది. విల్బెర్త్ అది చూసి తడిగుడ్డ పట్టుకుని పరిగెత్తాడు. వాడి చేతి మీద ఒక్కటేశాను.

"దాన్ని ముట్టుకున్నావంటే చంపేస్తా," అన్నాను.